తిరగేసిన గీత

ఆమె పేరు గీత కాదు. కొత్తగా చేరినవాళ్ళంతా అలాగే అనుకుని "గీతగారూ" అని పిలిచి నాలుక్కరుచుకునేవారు. మా పరిశోధనశాలలో ఇరవై రెండేళ్ళుగా ఆమె గీతలు తీసింది. అందుకని గీతలక్క అయింది. నేను పక్కగదిలో కణాలు లెక్కపెట్టే యంత్రం నడిపేవాణ్ణి. ఆమెకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాణ్ణి. ఆమె గురించి చెప్పడానికి నాకు అర్హత ఉందో లేదో మీరే చూడండి.

ముందు ఆ గీతలేమిటో చెప్పాలి. మేం పనిచేసింది రక్షణ కణాల మీద. ఒంట్లోకి చొరబడిన క్రిమిని పట్టుకుని చంపేవి ఇవే. కణం పైపొర మీద గ్రాహకాలుంటాయి. క్రిమి ముక్క ఒకటి తగలగానే లోపల కబురు బయలుదేరుతుంది. కొన్ని ఎంజైములు ఆ గ్రాహకం తోకకు ఫాస్ఫేటు అనే చిన్న గుర్తు తగిలిస్తాయి. ఆ గుర్తు చూసి పక్కనున్న ప్రొటీను లేస్తుంది, దానికీ గుర్తు పడుతుంది, అది ఇంకోదాన్ని లేపుతుంది. నాలుగైదు నిమిషాల్లో కణమంతా కయ్యానికి కాలు దువ్వుతూ ఉంటుంది. ఇంకో రకం ఎంజైములు వాటి వెనకే తిరుగుతూ ఆ గుర్తుల్ని పీకేస్తుంటాయి. తగిలించేవి పనిచేయకపోతే మామూలు జలుబు కూడా మనిషిని తీసుకుపోతుంది. పీకేవి బద్ధకిస్తే కణాలు చల్లారవు. క్రిమి చచ్చాక కూడా ఊరుకోకుండా సొంత ఒంటినే కొరుక్కుతింటాయి.

గుర్తు ఎంత పడిందో కంటికి కనిపించేలా చేయడమే గీతలక్క పని. కణాల్ని చితక్కొట్టి, మందు కలిపి మరిగించి, జిగురు పలకలో కరెంటు పెట్టి పరిగెత్తించి, కాగితంలాంటి పొర మీదికి దించి, చీకటిగదిలో ఫిల్ముకు అదిమితే నల్లటి గీతలు వస్తాయి. గుర్తులు ఎక్కువ పడితే గీత నల్లగా ఉంటుంది, తక్కువైతే లేతగా ఉంటుంది. అన్నిటికీ కింద ఇంకో వరస తీయాలి. దాన్ని మేం సాక్షి గీత అనేవాళ్ళం. జిగురు పలక అంచున ఉండే ప్రతి గుంటలోనూ సమానంగానే కణాలు పోశామని చెప్పేది అదే. సాక్షి గీత సమంగా లేకపోతే పైనున్న గీతలు ఎంత ముచ్చటగా ఉన్నా చెత్తబుట్టకే.

మరిగించేటప్పుడు కలిపే ఆ మందుంది చూశారూ, దాని కంపు చెప్పనలవి కాదు. కుళ్ళిన గుడ్లను మురిక్కాలవలో నానబెడితే వచ్చే కంపు. గీతలక్క జుట్టుకూ గోళ్ళకూ టిఫిన్ డబ్బాకూ కూడా అది పట్టేసింది. బస్సులో పక్కవాళ్ళు జరిగిపోయేవారు. "నాకు సీటు దొరకని రోజు లేదు తమ్ముడూ, రెండు సీట్లు నావే" అనేది నవ్వుతూ. ఆ కంపుకు ఆమె ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఆమెకు డోకు తెప్పించినవి వేరే ఉన్నాయి.

మా పెద్దాయన్ని చాటుగా అందం సారనేవాళ్ళం. ఏ ఫిల్ము చూపించినా పైకెత్తి వెలుతురుకు పెట్టి, "బానే ఉందమ్మా, కానీ అందంగా లేదు. ఇంకోసారి తియ్యండి" అనేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ బల్ల మీదున్న పసుప్పచ్చ ప్లాస్టిక్ మొనొకటి తీసుకుని చెవిలో తిప్పేవాడు. చుక్కలు కొలిచి పోయడానికి వాడే మొనలవి. తిప్పి, బయటికి తీసి, దాని వంక కాసేపు శ్రద్ధగా చూసుకుని, బల్ల అంచుకు రాసేవాడు. ఒకరోజు ఆ మొనను మళ్ళీ డబ్బాలో గుచ్చేసి వెళ్ళాడు. గీతలక్క అది చూసి డబ్బాకు డబ్బా, తొంభైఆరు మొనలూ, చేతికి రెండు తొడుగులు వేసుకుని పారేసింది. ఆ రోజు మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా మూత తీయలేదు. "ఏం తిననురా, ఆ మొనే కళ్ళముందు తిరుగుతోంది" అంది.

ఇంట్లో ఆమె, చెల్లెలు, ఇద్దరే. చెల్లెలు బేకరీలో కేకుల మీద పూలు వేసేది. క్రీము సంచి నొక్కి గులాబీ రేకులు ఒక్కొక్కటే నిలబెట్టేది. ఐదేళ్ళ కిందట వేళ్ళ కణుపులు వాచాయి. రక్షణ కణాలే కీళ్ళ లోపలి పొరను తినేస్తున్నాయని డాక్టరు చెప్పాడు. పొద్దున లేచాక రెండు గంటలదాకా పిడికిలి బిగిసేది కాదు. సంచి నొక్కే పని పోయి, బేకరీలోనే పెట్టెలకు దారాలు కట్టే పని మిగిలింది.

"ఇంతకీ నా కణాలకేం రోగమే?" అని అడిగేదట చెల్లెలు.

"నీ ఒంట్లో తగిలించేవాళ్ళు పొద్దస్తమానం పనిచేస్తున్నారు, పీకేవాళ్ళు సెలవు పెట్టారు."

"మీ సారుకు చెప్పి వాళ్ళ సెలవు రద్దు చేయించవే."

ఇది వాళ్ళింట్లో పాత వేళాకోళం. ఒక ఏడు మాత్రం అది వేళాకోళంగా మిగల్లేదు. పీకే ఎంజైముల్లో ఒకదాన్ని ఉరకలెత్తించే మందు దొరికిందన్నాడు అందం సారు. ఆ మందు వేస్తే కణాల్లో గుర్తులు తొందరగా ఊడిపోవాలి, కబురు మధ్యలోనే ఆగిపోవాలి, కణం చల్లబడాలి. గీతలక్క ఆరుసార్లు చేసింది. ఐదుసార్లు మందు వేసినా వేయకపోయినా గీతలు ఒక్కలాగే వచ్చాయి. ఒక్కసారి మాత్రం మందు వేసినవైపు గీతలు చక్కగా వెలిసిపోయాయి. ఆ రోజు కణాలు లెక్కపెట్టింది నేనే. కడిగేటప్పుడు ఒలికిపోయి మందు వేసిన గొట్టాల్లో సగం కణాలు కూడా మిగల్లేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే చెప్పాను. సాక్షి గీత కూడా లేతగానే వచ్చింది. "కణాలు సగం పోయాయి. ఇది లెక్కలోకి రాదు" అని నోట్‌బుక్కులో రాసి కింద గీత కొట్టింది.

ఏడాది తర్వాత ఆ పరిశోధన పత్రం అచ్చయింది. అందం సారు మొదటి పేజీలను పెద్దవి చేయించి వరండా గోడకు అంటించాడు. అందరికీ కేకు ముక్కలు పంచారు. రచయితల వరసలో ఆఖరుకు ముందు గీతలక్క పేరుంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. ఆమె కేకు పళ్ళెం పట్టుకునే గోడ దగ్గరికి వెళ్ళి తన పేరు చదువుకుంది. తర్వాత బొమ్మ చూసింది.

నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆమె నములుతున్న దవడ ఆగిపోయింది. నోట్లో ముద్ద మింగనూ లేదు, ఉమ్మనూ లేదు. అలాగే నడుచుకుంటూ లోపలికి వెళ్ళి సింకులో ఉమ్మేసి, కుళాయి తిప్పి చాలాసేపు నోరు కడుక్కుంది. ఆ తర్వాత పాత ఫిల్ములు పెట్టుకునే ఇనప బీరువా తెరిచి కవర్లు లాగడం మొదలుపెట్టింది.

గంటకు నా గదికొచ్చి తలుపు వేసింది. చేతిలో మూడేళ్ళనాటి ఫిల్ము.

"ఇది చూడు."

"ఏంటక్కా?"

"గోడ మీదున్న పై వరస నేను పారేసిన ప్రయోగం. లెక్కలోకి రాదని రాశానే, అది. సరే, ఏడవనీ. కింద సాక్షి గీతలు చూశావా, పదీ సమంగా ఉన్నాయి? అవి ఆ ప్రయోగానివి కావు. ఇదిగో, వేరే కణాలతో మూడేళ్ళ కిందట తీసినవి. ఐదో గీత కుడికొస ఇలా పైకి లేచి ఉంది, దాని పక్కన గాలిబుడగ పడి తెల్లటి సున్నా ఉంది. గోడ మీద చూస్తే ఆ సున్నా ఎడమవైపుంది."

"మరైతే వేరేదేమో..."

ఆమె ఫిల్మును తిరగేసి కిటికీకి ఆనించింది. పారదర్శకంగా ఉంటుంది కదా, వెనకనుంచి చూస్తే గోడ మీది బొమ్మే. లేచిన కొస, సున్నా, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

"నా గీతల్ని నేను గుర్తుపట్టనా? అద్దంలో చూపించినట్టు తిరగేసి అతికించాడు. ఛీ."

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా చెవిలో జోరీగలా ఉంది. "మనకెందుకక్కా? నీ పేరు కూడా వేశారు కదా."

ఆమె నా వంక చూసిన చూపు, ఆ పసుప్పచ్చ మొన వంక చూసినట్టే ఉంది.

మర్నాడు ఆమె సారు గదికి వెళ్ళింది. అక్కడ జరిగిందంతా తర్వాత నాకు ఆమే చెప్పింది. సారు కోప్పడలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"చూడమ్మా, సాక్షి గీత దేనికి? సమానంగా పోశామని చూపించడానికే కదా. మీరెప్పుడూ సమానంగానే పోస్తారు. నాకు మీ చేతి మీద నమ్మకం. అలాంటప్పుడు ఏ గీత పెడితే ఏంటి?"

"ఆ రోజు సమానంగా పడలేదు సార్. నోట్‌బుక్కులో రాశాను. పై గీతలు వెలిసింది మందు వల్ల కాదు, కణాలు లేక. మిగతా ఐదుసార్లూ తేడా లేదు కదా?"

"ఆ ఐదూ అందంగా రాలేదు."

ఆయన చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళిందట.

"నా పేరు తీసేయండి సార్."

"అచ్చయినదాంట్లోంచి పేరెలా తీస్తామమ్మా? మీరు అలిసిపోయారు. ఓ వారం సెలవు పెట్టండి. ఆ ఇనప బీరువా కూడా ఖాళీ చేయిద్దాం అనుకుంటున్నా, చోటు చాలట్లేదు."

ఆ ఆఖరి మాట వినగానే ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టయిందంది. ఆ సాయంత్రమే నోట్‌బుక్కులోని ఆ పేజీలన్నీ ఫొటోలు తీసింది. ఆరు ప్రయోగాల ఫిల్ములూ ఆ పాత ఫిల్మూ టిఫిన్ సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. ఇనప బీరువాకు తన తాళం వేసింది.

ఇంటికెళ్ళేసరికి చెల్లెలు వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. రెండు చేతులూ గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో ఉన్నాయి. వేళ్ళు మునుపెన్నడూ లేనంతగా వాచి, చర్మం నిగనిగలాడుతోంది.

"ఏమైందే? మాత్రలు వేసుకోలేదా?"

"ఆపేశాను. మూడు వారాలైంది."

"ఎవరు ఆపమన్నారు?"

"నీకు ఒకేసారి చెప్దామనుకున్నా. ఆసుపత్రిలో మీ సారు మందు మనుషుల మీద పరీక్షిస్తున్నారు కదా, పేరిచ్చాను. పాత మాత్రలు నాలుగు వారాలు మానేస్తేనే తీసుకుంటారట. ఇంకొక్క వారమే." చెల్లెలు నవ్వింది. "మా అక్క చేసిన మందేనని నర్సుకు చెప్పాను. సంతకం కూడా సరిగా పెట్టలేకపోయానే, పిచ్చిగీత గీశాను."

గీతలక్క సంచి కింద పెట్టి నిలబడే చెప్పేసింది. మందు పనిచేయదని, పనిచేసినట్టు చూపించిన బొమ్మ దొంగదని, పేరు తీయించుకోమని, ఈ పూటే మాత్ర వేసుకోమని. మెల్లగా చెప్పడం ఆమెకు చేతకాదు.

చెల్లెలు చేతులు నీళ్ళలోంచి తీయలేదు. "ఎన్నాళ్ళుగా తెలుసు నీకు?"

"పనిచేయలేదని ఏడాదిన్నరగా తెలుసు. నాకు రాలేదుగానీ వేరేవాళ్ళెవరికైనా వచ్చిందేమో అనుకున్నా. దొంగబొమ్మని నిన్ననే తెలిసింది."

"ఏడాదిన్నర! రోజూ నా చేతులు చూస్తూ, ఇంట్లో ఒక్క మాట అనలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ కంపు మోసుకొచ్చి ఈ ఇంట్లో పోస్తున్నావు. నా దుప్పట్లకు కూడా పట్టింది. ఎప్పటికో నా చేతులకు పనికొస్తుందని నోరెత్తలేదు. ఇప్పుడొచ్చి అంతా దొంగ అంటావా?"

"అంతా కాదే..."

"నా ముందునుంచి వెళ్ళు. నాకు వాంతొస్తోంది."

చెల్లెలు ఆ పూట మాత్ర వేసుకోలేదు. రెండు రోజులకు, తనంతట తనే, అక్క లేనప్పుడు వేసుకుంది. పరీక్షనుంచి పేరు తీయించుకుంది. మాట మాత్రం మానేసింది.

గీతలక్క పత్రికవాళ్ళకు ఉత్తరం రాసింది. ఫిల్ముల నకళ్ళు, నోట్‌బుక్కు పేజీలు జతపరిచింది. ఆ నకళ్ళే మా డైరెక్టరుకు, ఆసుపత్రికి కూడా పంపింది. నెలన్నరకు ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఆమెను లోపలికి పిలిచారు. తలుపు సరిగా పడలేదు, అన్నీ వినిపించాయి.

"మీరు ఏం చదువుకున్నారు?"

"రెండేళ్ళ డిప్లొమా."

"ఎంజైముల నియంత్రణ గురించి, కణ సంకేతాల గురించి అభిప్రాయం చెప్పేంత..."

"అభిప్రాయం చెప్పడానికి రాలేదండీ. గీతలు ఎవరివో చెప్పడానికొచ్చాను. నాకు రెండు రోజులు బల్ల ఇప్పించండి, మీ ఎదురుగానే చేస్తాను. గొట్టాల మీద పేర్లు మీరే దాచిపెట్టండి, ఏది మందో నాకు చెప్పకండి."

వాళ్ళకు వద్దనడానికి కారణం దొరకలేదు కాబోలు, రెండు వారాల తర్వాత చేయమని ఒప్పుకున్నారు. మొదటిరోజు మరిగించే మందు మూత తీయగానే ఒక సభ్యుడు రుమాలు ముక్కుకు అడ్డంపెట్టుకుని వరండాలోకి పరిగెత్తాడు. రెండో ఆయన కిటికీ తెరిస్తే, "దుమ్ము పడుతుంది, వెయ్యండి" అని కసిరింది. ఆయన నోరుమూసుకుని వేశాడు. రెండోరోజు మధ్యాహ్నం ఫిల్ము తీసి తడి ఆరకుండానే బల్ల మీద పెట్టింది. గొట్టాల మీద దాచిన పేర్లు విప్పారు. కణాన్ని లేపిన రెండో నిమిషంలో గీత నల్లబడింది, ఐదో నిమిషంలో మరీ నల్లబడింది, అరగంటకు వెలిసింది. మందు ఉన్నా అంతే, లేకపోయినా అంతే. సాక్షి గీతలు పదీ సమంగా ఉన్నాయి.

ఆ రోజే నేను కూడా నోరు విప్పాను. మొదటి విచారణలో నన్నడిగితే "గుర్తులేదు" అన్నాను. నా యంత్రంలో ఆనాటి లెక్క భద్రంగా ఉందని నాకు తెలుసు. అయినా గుర్తులేదన్నాను. ఆమె పని చూశాక ఆ లెక్క కాగితం మీద తీసి సంఘానికిచ్చాను. మంచిపనే అంటారేమో. రెండు వారాలు ఆలస్యంగా, ఆమె ఒక్కతే గెలిచేశాక ఇచ్చాను. ఆ రెండు వారాలు అద్దంలో గడ్డం గీసుకోవాలంటే నా మొహం నాకే రోతగా ఉండేది. ఇచ్చాక పోయిందా అంటే, లేదు.

పత్రికవాళ్ళు పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆసుపత్రిలో పరీక్ష ఆగింది. పత్రికలో నాలుగు వరసల ప్రకటన వచ్చింది. "బొమ్మ కూర్పులో జరిగిన అనుకోని పొరపాటు" అని అందులో ఉంది. గీతలక్క దాన్ని మూడుసార్లు చదివింది.

"అనుకోకుండా తిరగేశాడంటరా. అనుకోకుండా కత్తిరించి, అనుకోకుండా సరిగ్గా పది గుంటల కింద అతికించాడు."

"పోనీలే అక్కా, ఆగింది కదా."

"ఇంకా పోనీలే అంటున్నావు చూడు, నువ్వు" అంది. అంతకుమించి తిట్టలేదు.

అందం సారు ఆరునెలలకు ఇంకో సంస్థకు వెళ్ళాడు. ఇక్కడికంటే పెద్ద గది, పెద్ద పదవి. వీడ్కోలు సభలో పూలగుత్తి ఇచ్చారు. డైరెక్టరు ఆయన "నిజాయితీ గల జిజ్ఞాస" గురించి మాట్లాడాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో తొమ్మిదిమందికి ఆ ఫిల్ము సంగతి తెలుసు. నేను లెక్కపెట్టాను, నాతో కలిపి. గీతలక్క సభకు రాలేదు. ఆమెను అంతకుముందే గాజుసామాను భద్రపరిచే గదికి మార్చారు. కిటికీ లేని గదిలో ఎనిమిది నెలలు జాడీలు సర్దింది. తర్వాత రాజీనామా ఇచ్చేసి, రోగుల రక్తం పరీక్షించే చిన్న ప్రయోగశాలలో చేరింది.

చెల్లెలు రెండు నెలల పైన మాట్లాడలేదు. పాత మాత్రలు మళ్ళీ పనిచేయడానికి అంతకాలం పట్టింది. వాపు తగ్గింది గానీ కుడిచేతి రెండు వేళ్ళు అలా వంగే ఉండిపోయాయి. మాత్రలు ఆపకపోతే వంగేవి కావని ఎవరూ గట్టిగా చెప్పలేరు, వంగేవని కూడా చెప్పలేరు. గీతలక్క లెక్కలో మాత్రం అవి అందం సారు వంచిన వేళ్ళు.

ఒకరోజు పొద్దున చెల్లెలే మాట కలిపింది. సబ్బుపెట్టె మూత రాక విసుగుపుట్టి, "ఇది తీసిపెట్టు, ఊరికే చూస్తూ నిలబడతావేంటి?" అందట. గీతలక్క తీసిచ్చింది. అంతే. క్షమించుకోవడాలు, కౌగిలించుకోవడాలు ఆ ఇంట్లో అలవాటు లేవు.

పోయిన నెల నా పనికి ఆమె కొత్తచోటికి వెళ్ళాను. జుట్టు నెరిసింది. ఆ కంపు లేదు, ఇక్కడ కలిపే మందు వేరట. రోగుల కణాల్లో ఏ ఎంజైము తక్కువుందో చూసే పరీక్ష ఒకటి కొత్తగా మొదలుపెట్టారట. చిన్నపిల్ల ఒకతెకు పీకే ఎంజైములో లోపముందని ఈమె గీతల్లోనే బయటపడిందని అక్కడి డాక్టరు చెప్పాడు. ఆ పిల్లకు ఇప్పుడు సరైన మందు పడుతోందట. నేను ఆ సంగతెత్తితే, "రెండుసార్లు తీశాను, రెండుసార్లూ అలాగే వచ్చింది. అందుకని చెప్పాను" అంది, అదేదో మామూలు సంగతైనట్టు.

అడగాలనుకున్నది అడిగేశాను.

"నా మీద ఇంకా కోపమేనా అక్కా?"

ఆమె తొడుగులు విప్పి, చేతులు సబ్బుతో మోచేతులదాకా కడుక్కుంది. తుడుచుకుంది.

"కోపం కాదు తమ్ముడూ. నిన్ను చూస్తే ఆ గోడ దగ్గర నోట్లో ఉన్న కేకు గుర్తొస్తుంది. నేనేం చెయ్యను?" అంది. తర్వాత నేనెందుకొచ్చానో ఆ కాగితాలు అడిగి తీసుకుని, సంతకం పెట్టి ఇచ్చి, లోపలికి వెళ్ళిపోయింది.